దయ్యమనుకున్న దాహం

పుంగనూరు,
18 జనవరి 1944.

చెల్లి దయామణికి,

నీవు పంపిన శాలువ అందింది. అమ్మ దాన్ని కప్పుకుని, "ఇది ఎవురిదప్పా, మెత్తగా ఉండాది" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతుంది. నాలుగుసార్లూ నీ పేరు చెబుతాను. నాలుగుసార్లూ "దయామణా, ఆ బిడ్డ ఇంగా బడికి పోతాండాదా" అంటుంది. మదనపల్లె మిషను ఆసుపత్రిలో వార్డు నడిపే నర్సమ్మను పట్టుకుని మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెట్టింది.

ఈ మరపు మొదలై రెండేళ్లు దాటింది. నన్ను ఒకరోజు బర్నబాసు అంటుంది, ఒకరోజు చనిపోయిన మన నాయన అనుకుంటుంది. అయినా నెమ్మదిగానే ఉంది. ముప్ఫై ఏళ్లు పల్లెపల్లెకూ నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పిన మనిషి గదా, కీర్తన ఎత్తితే చాలు, చివరి చరణందాకా తప్పులేకుండా పాడుతుంది. అది చూసి నేను దేవుణ్ణి స్తుతిస్తాను. నాలాగా పగలు బజారులో కుట్టుమిషను తొక్కి, పొద్దుగూకాక దీపం దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుని లేఖనం నేర్చుకున్నవాడికి ఆమే మొదటి పంతులమ్మ.

పోయిన బుధవారం మాత్రం ఒక తలవంపు జరిగింది. మన ఇంట్లో కూటం. అమ్మ ఎప్పటిలాగే ముందు చాపమీద కూర్చుంది. సంఘపెద్ద అహరోనుగారు ప్రార్థన చేస్తున్నారు. ఆయన ప్రార్థన నీకు తెలియనిది కాదు, ఆదాము దగ్గర బయలుదేరి మన వీధికి చేరేసరికి అరగంట. మధ్యలో చాప తడిసింది. అమ్మకు తెలియలేదు. తడి అహరోనుగారి పంచెదాకా పాకింది. ఆయన కళ్లు తెరిచి, ఒక్క మాట అనకుండా లేచివెళ్లి గోడవార నిలబడ్డారు. ఏమీ అనకపోవడమే నన్ను కోసింది. మందిరంలాగా ఉంచుకున్న ఇల్లు. అది మళ్లీ జరగకుండా ఒక ఏర్పాటు చేశాను, నీవు దిగులుపడకు.

నీ అన్న,
బర్నబాసు.


మదనపల్లె,
2 ఫిబ్రవరి 1944.

అన్నా,

ఏర్పాటు చేశానన్నావు గాని అదేమిటో రాయలేదు. నాకు తోచింది చెబుతాను. కూటానికి ముందు విమల వదినను అమ్మను ఒకసారి పెరట్లోకి తీసుకెళ్లమను. అహరోను మామ ఆదాము పేరు ఎత్తగానే మరోసారి తీసుకెళ్లమను, తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా నోవహు ఓడ దగ్గరే ఉంటాడు. కింద పాత చీర నాలుగు మడతలు వెయ్యండి. చాప అంటావా, ఉతుక్కోవచ్చు.

శాలువ ఎవరు పంపారని అడిగిన ప్రతిసారీ నా పేరు చెబుతున్నందుకు నీ కాళ్లకు మొక్కాలనిపించింది. విసుక్కోకుండా నాలుగోసారి చెప్పడం ప్రసంగం చెప్పడంకన్నా కష్టం. నాకు తెలుసు.

జాబు రాయి.

నీ చెల్లెలు,
దయామణి.


పుంగనూరు,
27 మార్చి 1944.

దయామణీ,

రెండు నెలలు రాయలేదు. చేయి రాలేదు. ఇప్పుడు దాచి లాభం లేదు. అమ్మను అపవిత్రాత్మ పట్టింది.

ఇది తేలికగా అంటున్న మాట కాదు. పదిరోజుల కిందటిదాకా మూలన కూర్చుని కీర్తనలు పాడుకున్న మనిషి. ఇప్పుడు "గోడమింద ఎవురో ఉండారు, ఎల్లగొట్టు" అని అరుస్తుంది. లేని ఈగలను పట్టుకుంటుంది. అన్నం పెట్టబోయిన విమలను చెంబుతో కొట్టింది. చీర లాగిపారేస్తుంది. నడి ఇంట్లో గొంతుక్కూర్చుని మూలుగుతుంది. నిద్ర అన్నది లేదు. ప్రార్థించడానికి వచ్చిన అహరోనుగారిని అందరి ముందూ "పోరా గుడ్లగూబ మొగమోడా" అంది. నేను పుట్టిన తర్వాత ఆ నోట అలాంటి మాట వినలేదు. అది ఆమె నోరు కాదు. నీళ్లు కూడా తనంతట తానే మానేసింది.

శిష్యులు వెళ్లగొట్టలేకపోయిన దయ్యాన్ని గురించి ప్రభువు ఏం చెప్పాడో మత్తయి సువార్తలో చూసుకో. ప్రార్థన, ఉపవాసం. అందుకే సంఘమంతా గొలుసు ప్రార్థన పట్టాం, ఒకరు లేస్తే ఒకరు మోకాళ్లూనుతున్నారు. అమ్మ చేత కూడా ఉపవాసం చేయిస్తున్నాం. పొద్దుగూకాక కొంచెం జావ, అంతే.

ఆసుపత్రికి తీసుకురమ్మంటావు. తీసుకురాను. యూదా రాజు ఆసా పాదాలకు జబ్బు చేస్తే ప్రభువును వదిలి వైద్యులను వెదికాడు. ఆ అధ్యాయం ముగిసేసరికి అతనికి సమాధి తవ్వారు. నీ బతుకంతా ఆ మందుల మధ్యనే అని తెలుసు, నిన్ను నొప్పించాలని రాయడం లేదు. యుద్ధం రక్తమాంసాలతో కాదు, తల్లీ.

శుక్రవారం నేను కుప్పం వెళ్లాలి. ఈస్టరు ముందరి శ్రమదినాల కూటాలకు ఎప్పుడో మాటిచ్చాను. మంచి శుక్రవారం నాడు సిలువమీది ఏడు మాటల్లో ఐదోది, ప్రభువు తన దాహం చెప్పుకున్న మాట, నాకు అప్పగించారు. నేను లేనన్నాళ్లు ఇక్కడ గొలుసును అహరోనుగారు నడిపిస్తారు.

బర్నబాసు.


మదనపల్లె,
29 మార్చి 1944.

అన్నా,

నీవు ఆసాను తెచ్చావు, నేను హిజ్కియాను తెస్తాను. ఆ రాజు చావుకు సిద్ధమై పడి ఉంటే, దేవుడు ప్రార్థన విన్నాడని చెప్పిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించాడు. యెషయాకు తప్పు కానిది పుంగనూరు ప్రసంగికి తప్పయిందా?

ఇప్పుడు నర్సుగా రాస్తాను, కోపగించుకోకుండా చదువు. ముసలివాళ్ల మరపు మెల్లగా పాకుతుంది. రెండేళ్లు పాకినది పదిరోజుల్లో పరుగెత్తదు. పరుగెత్తిందంటే ఒంట్లో ఇంకేదో దాన్ని తరుముతోందని అర్థం. నీకూ నాకూ కడుపునొప్పి వస్తే కడుపునొప్పి అంటాం. అమ్మ దగ్గర ఆ మాట మిగల్లేదు. మాట లేని మనిషి కొడుతుంది, తిడుతుంది, బట్ట లాగేస్తుంది. వార్డులో ఏడాదికి పదిమందిని చూస్తాం, జ్వరం తగ్గగానే వాళ్ల దయ్యాలు సామాను సర్దుకుపోతాయి.

నీవు వెళ్లేలోగా ఇవి చూడు. ఒళ్లు వేడిగా ఉందా? చీర లాగేటప్పుడు చేయి ఎక్కడికి పోతోంది? ఆ మూలుగు మూత్రం వచ్చేటప్పుడా? దాని రంగు ఎట్లా ఉంది, వాసన ఎట్లా ఉంది? దొడ్డికి వెళ్లి ఎన్నాళ్లయింది? నాలుక తడిగా ఉందా?

చివరగా ఒకటి. నీళ్లు తనంతట మానేసింది అన్నావు. చెంబు నోటికి పెట్టినా తోసేస్తోందా? ఈ ఒక్కదానికి నిజం రాయి.

ఇక్కడ ఇద్దరు నర్సులు విషజ్వరంతో పడ్డారు. సెలవు అడిగితే లేదన్నారు. మళ్లీ అడుగుతాను. అన్నా, అమ్మకు ఎక్కువ రోజులు లేవేమోనని భయంగా ఉంది. నీవు అనుకున్న కారణంతో కాదు.

దయామణి.


కుప్పం,
4 ఏప్రిల్ 1944.

దయా,

నీ ఉత్తరం శుక్రవారం బస్సెక్కబోతుండగా చేతికొచ్చింది. కోపంతో బైబిలులో పెట్టి మూశాను. తర్వాత బైబిలు తెరుస్తూనే ఉన్నాను, ఉత్తరం మాత్రం నిన్నటిదాకా తెరవలేదు.

జరిగింది విను. అమ్మ కోసం నేనూ ఉపవాసం పట్టాను, నీళ్లు కూడా ముట్టనని మొక్కుకున్నాను. మూడోరోజు మట్టల ఆదివారం. స్టేషను ముందరి మైదానంలో తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా చెప్పాను. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు, వాళ్లు చెప్పిందే. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన చక్రాలనూ మన పెరటి బావి గిలకనూ కలిపేసి చెప్పానట. నా అంగీ నేనే చించుకున్నానట. లేని పురుగులను దులుపుకున్నానట. జనం మోకాళ్లమీద పడి, ఆత్మ దిగిందని ఏడ్చారట. ఒకాయన నా మాటలు కాగితంమీద ఎక్కించుకుంటున్నాడట.

స్టేషనులో ప్రయాణికులకు నీళ్లు పోసే చెంగల్రాయుడని ఒకాయన ఉన్నాడు. మన మతంవాడు కాదు, కూటానికి వచ్చినవాడూ కాదు. బకెట్టుతో జనాన్ని తోసుకుంటూ వచ్చాడట. "జరగండప్పా. ఈయనకు ఆత్మా లేదు గీత్మా లేదు, ఎండ తగిలుండాది. నోట్లో ఉమ్మి లేదు సూడండి" అన్నాడట. అక్కడినుంచి నాకు గుర్తుంది. నా తల తన మోకాలిమీద పెట్టుకుని, "ముందు నీళ్లు తాగు సామీ. మీ దేవుని మాట యాడికీ పోదు, మళ్లా సెప్పుదువు" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే పడుకుని రాస్తున్నాను. కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. ఆయన భార్య నాగమ్మ గంటకొకసారి మజ్జిగ తెచ్చి, తాగిందాకా తలుపు దగ్గరే నిలబడుతుంది. నిన్న నీ ఉత్తరం తెరిచాను. నీ ప్రశ్నలు చదువుతుంటే నా గురించే అడిగినట్టుంది. నేను చించుకున్నది అంగీ, అమ్మ లాక్కున్నది చీర. నన్ను చూసి వీళ్లు ఆత్మ అన్నారు. అమ్మను చూసి నేను దయ్యం అన్నాను.

నీవు నిజం అడిగావు. అమ్మ నీళ్లు మానలేదు. నేను మాన్పించాను. నా ఏర్పాటు అదే. మొదట బుధవారాలు మాత్రం మధ్యాహ్నంనుంచి ఇవ్వవద్దన్నాను. కూటంలో చాప పొడిగా ఉంది. ఆ పొడి చాప చూసి స్తోత్రం చేశాను, దయా. తర్వాత వచ్చేపోయేవాళ్లు ఎక్కువయ్యారని ప్రతిరోజూ అన్నాను. అమ్మ కుండ దగ్గరికి పోతుంటే కుండను అటకమీద పెట్టించాను. "అత్త నాలుక సూడు, ఎండిన తోలు మాదిరి ఉండాది" అని విమల రెండుసార్లు అంది. నేను ఆమెకు భార్యల విధేయతమీద వాక్యం వినిపించాను.

ఏలీయా చెట్టుకింద చచ్చిపోతానని పడుకుంటే దూత వచ్చి గద్దించలేదు. రొట్టె, నీళ్లు తలదగ్గర పెట్టి, లేచి తినమన్నాడు. ఆ అధ్యాయంమీద ఎన్ని ఊళ్లలో ప్రసంగించానో లెక్కలేదు. ఆ నీళ్ల గురించి ఒక్క ఊళ్లోనూ చెప్పలేదు.

శుక్రవారం ఐదో మాట నేను చెప్పలేనని పెద్దలకు చెప్పేశాను. ఏ నోటితో చెప్పమంటావు? ఉపవాసం ఆపి నీళ్లివ్వమని విమలకు ఈ టపాలోనే రాస్తున్నాను. నీవు వెళ్లు. సెలవివ్వకపోతే మళ్లీ అడుగు. అమ్మను నీ ఆసుపత్రికే తీసుకుపో. ఆసా పేరు నేను మళ్లీ ఎత్తను.

బర్నబాసు.


పుంగనూరు,
7 ఏప్రిల్ 1944, మంచి శుక్రవారం.

అన్నా,

నీ ఉత్తరం చూపించాను, సెలవిచ్చారు. పెట్రోలు లేక బొగ్గుతో నడుపుతున్న బస్సు మూడుచోట్ల ఆగి, పన్నెండింటికి ఇక్కడ దించింది. నీ జాబు రాగానే వదిన కుండ కిందికి దించిందట. నిన్నటినుంచి చెంచాతో పోస్తోంది. ఒక్క చుక్క తోసెయ్యలేదట అమ్మ. చెంచాను పళ్లతో పట్టుకుని వదలడం లేదు.

వసారాలో అహరోను మామ, ఇంకో ఆరుగురు మోకాళ్లమీద ఉన్నారు. "అమ్మా దయామణీ, గొలుసు తెగగూడదు" అన్నాడు. "తెగదు మామా, మీరు గొలుసు పట్టుకోండి, నేను చెంబు పట్టుకుంటా" అన్నాను. తర్వాత నీ ఉత్తరంలోని సంగతి చెప్పాను, చెప్పక తప్పలేదు. ఆయన మోకాళ్లమీదినుంచి లేచాడు. "నా పంచె గురించా ఇదంతా? ఆ పొద్దు నేను లేసింది, నేను పక్కనుంటే మీయమ్మ, జ్ఞానమ్మక్క, సిగ్గుపడతాదని. మీయన్న నన్నొక మాట అడిగుంటే సెప్పనా" అన్నాడు. ఇప్పుడు, రేపు అమ్మను బస్సుదాకా మోయడానికి ఎవరినైనా నులకమంచం అడగాలని వెళ్లాడు.

అమ్మ ఒళ్లు కాలుతోంది. ముంజేతిమీద చర్మం పట్టి వదిలితే పట్టినట్టే నిలబడింది. పొత్తికడుపు తాకగానే నా చెంపమీద ఒకటి వేసింది, బలంగానే. చీర లాగడం సిగ్గులేక కాదు అన్నా, మూత్రం మండి లాగుతోంది. అది కషాయం రంగులో ఉంది, వాసన వసారాదాకా వస్తోంది. నీళ్లు తక్కువై, లోపల చీము పట్టిందని నా అనుమానం. బతుకుతుందా అంటే ఈరోజు చెప్పలేను. మందు పడితే బతకవచ్చు.

నీవు నిజం రాశావు కాబట్టి నేనూ ఒకటి రాయాలి. పోయిన ఏడాది అమ్మ నా దగ్గర నెలరోజులు ఉంది కదా. ఆ నెలలో తొమ్మిదిరోజులు అన్నం ఉమ్మేసింది, నా చెయ్యి కరిచింది. మరపు ముదిరిందని అనుకున్నాను. నర్సును నేను. పదో రోజు మా వార్డు ఆయా ఆదెమ్మ అమ్మకు నోరు కడుగుతూ, "ఓ నర్సమ్మా, ఈయమ్మకు దవడపన్ను రెండుగా చీలుండాది, సూడలేదా" అంది. పన్ను తీయించిన మర్నాడు అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది. నీకు రాయలేదు. సిగ్గేసింది. మనమిద్దరం ఒకే చాపమీద కూర్చున్నాం అన్నా, నీవు ఒక్కడివే కాదు.

లేవడానికి తొందరపడకు. నాగమ్మగారు చెప్పినట్టు మజ్జిగ తాగు.

దయామణి.


మదనపల్లె,
13 ఏప్రిల్ 1944.

అన్నా,

అమ్మ బతికింది. ముందు ఇది చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

డాక్టరమ్మ మూత్రాన్ని మైక్రోస్కోపుకింద పెట్టి చూసి చీమే అన్నారు. సల్ఫా మాత్రలు మొదలుపెట్టారు. యుద్ధంవల్ల అవి దొరకడమే గగనం, మా అల్మారాలో అమ్మకు సరిపడా ఉన్నాయి. మాత్రకు సోడా ఉప్పు, సోడా ఉప్పుకు నీళ్లు, గంటకొక కప్పు. శని, ఆది, సోమ మూడురోజులు నేను అమ్మ మంచం విడిచి కదల్లేదు. సోమవారం ఒక దశలో పలకడం మానేసింది. అప్పుడు నీకు తంతి ఇవ్వాలా అని లేచి నిలబడ్డాను కూడా. మంగళవారం పొద్దున దుప్పటి చెమటతో తడిసిపోయింది. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది. నిన్న మధ్యాహ్నం కళ్లు తెరిచి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "యాల పిల్లా అట్ల నిలబడుండావు, కాళ్లు లాగవా, కూసో" అంది.

నేనెవరో తెలియదు. కూర్చున్నాను.

"గోడమింద మనుషులు యాడికి పోయినారమ్మా?" అని అడిగాను.

"ఏ మనుషులు? నీకేమన్నా పిచ్చా" అంది.

ఆదెమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. తర్వాత గంజి మొత్తం తాగి, పడుకుని, సాయంత్రందాకా నిద్రపోయింది.

మరపు పోలేదు, పోదు. అది నీవు తెలుసుకునే రావాలి. రేపు నిన్ను చూసి నాయన పేరుతో పిలవవచ్చు. కాని ఆ అరిచింది, కొట్టింది, తిట్టింది అమ్మ కాదని నీవన్నావు చూడు, అంతవరకు నీవు చెప్పింది నిజమే. అది ఆమె జబ్బు. యాయీరు కూతురు బతికి లేచాక ప్రభువు ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పాడు? పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. మా వార్డులో మేము చేసేది అంతమాత్రమే.

ఒళ్లు కుదుటపడ్డాక రా. రాగానే ప్రసంగం మొదలుపెట్టవద్దు, ఈ వార్డులో నిద్రపోయేవాళ్లున్నారు.

నీ దయ.


పుంగనూరు,
12 జూన్ 1944.

చెల్లి దయామణికి,

అమ్మ ఇంటికి వచ్చి నెల దాటింది. నీవు అడుగుతావని ముందే రాస్తున్నాను. కుండ ఆమె చేతికందే చోట ఉంది. విమల ఒక పద్ధతి పెట్టింది, కీర్తనలో చరణానికొక గుక్క. అమ్మ పాడటం ఆపదు కాబట్టి తాగడమూ ఆపదు. పొద్దున్నే నేను ఆమె నాలుక, మడమలు, పళ్లు చూస్తాను. "నువ్వేమన్నా ఎద్దులు కొనేటోడివా" అని తిడుతుంది. తిట్టించుకుంటాను. మూడురోజుల కిందట అన్నం ముందు పెట్టుకుని ఏడ్చింది. మునుపైతే మోకాళ్లూనేవాణ్ణి. ఈసారి విమల దొడ్డి సంగతి అడిగింది. నాలుగురోజులైందట. నీవు చెప్పిన ఆముదం ఇచ్చాం, మర్నాడు ఏడుపు లేదు. మోకాళ్లు ఆ తర్వాత ఊనాను, స్తోత్రానికి.

బుధవారం కూటంలో సంఘం ముందు నిలబడి చెప్పేశాను. మా అమ్మను దయ్యం పట్టలేదు, నేను నీళ్లివ్వలేదు, ఇది నా పాపం అని. వారంరోజులు కూడగట్టుకున్న మాటలు, నాలుగు ముక్కల్లో అయిపోయాయి. గొర్రెలు కాసే మునెయ్య వెనకనుంచి, "మరి మా అత్తకు పట్టిందంటివే పోయినేడు, అదేందప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "తెలీదు మునెయ్యా, రేపు వచ్చి చూస్తా" అన్నాను. వెళ్లాను. ఆ ముసలమ్మ కేకలు పెట్టేది కాలు కింద పెట్టినప్పుడల్లా. పాతగుడ్డ విప్పి చూస్తే మడమలో తుమ్మముల్లు విరిగి, చుట్టూ పుండయి ఉంది. ఏడాదినుంచి ఆ కాలిమీద నిలబెట్టి ఆమె తలమీద చేతులుంచి గద్దించాను, దయా. గురువారం బస్సులో మునెయ్య ఆమెను నీ దగ్గరికి తెస్తున్నాడు. మంచం చూసి ఉంచు.

అహరోనుగారు ఇప్పుడు అమ్మ పక్కనే కూర్చుంటున్నారు. ప్రార్థన ఆదాము దగ్గర కాకుండా అబ్రాహాము దగ్గర మొదలుపెడుతున్నారు. అంతమాత్రం తగ్గినా మేలే అని విమల అంటుంది.

నిన్న ఆదివారం వాక్యం నాది. నా గొంతు నీకు తెలుసు, చెరువుకట్టదాకా వినిపిస్తుందంటారు. అమ్మ ముందు చాపమీద ఉంది. మాంచి ఊపులో ఉండగా చూద్దును గదా, ఆమె తల పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. మార్చిలో ఆ కళ్లు నిద్రకు మూతపడాలని ఎంతమంది మోకాళ్లు కాయలు కట్టాయో నీకు తెలుసు. నా గొంతు దానంతటదే దిగిపోయింది. మిగతా ప్రసంగమంతా పక్కమనిషికి చెప్పినట్టు చెప్పాను. వెనకవాళ్లు వినబడక ఒక్కొక్కరే లేచి, చెప్పులు చప్పుడు కాకుండా ముందుకు జరిగి, అమ్మ చుట్టూ కూర్చున్నారు.

నీ అన్న,
బర్నబాసు.